నెల్లూరు కలెక్టరు ఎదుట ఒక నోటుబుక్కు

2003 మే 5న లింక్డిన్ అనే ఉద్యోగ పరిచయాల వెబ్‌సైట్ జనంలోకి వచ్చింది. డిగ్రీ చివరి సంవత్సరం పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు రెజ్యూమెతో పాటు ప్రొఫైల్ మాటా వినిపిస్తోంది. పేరు కింద ఒక్క వాక్యంలో ఏం రాయాలి, ఎవరికి రిక్వెస్టు పంపాలి, పంపితే అవతలివాళ్లు జవాబిస్తారా అని పిల్లలు రాత్రుళ్లు ఆలోచిస్తున్నారు. తెలిసినవాళ్లు లేని చోట, తన చదువూ పనీ ఏమిటో తెలియని పెద్దలకు తన గురించి తానే చెప్పుకోవాల్సి రావడం ఏ కాలంలోనైనా కష్టమే. వెబ్‌సైట్ కొత్తది, కష్టం పాతది.

మన సాహిత్యంలో ఈ కష్టాన్ని దర్జాగా దాటినవాడు శ్రీనాథుడు. కొండవీట్లో పెదకోమటి వేమారెడ్డి దగ్గర విద్యాధికారిగా వెలిగినవాడు, ఆ నీడ పోయాక వేరే ఆస్థానాలు చూసుకోవలసి వచ్చింది. విజయనగరంలో ప్రౌఢదేవరాయల సభలో గౌడ డిండిమభట్టును ఓడించి కంచుఢక్క పగలగొట్టించాడనీ, కనకాభిషేకం పొందాడనీ చెప్పుకుంటాం. నాకు అంతకన్నా ఇష్టమైనది కాశీఖండం అవతారిక. చిన్నతనంలో ఏం రాశాడో, నూనూగు మీసాల వయసులో ఏం రాశాడో, నిండు యవ్వనంలో ఏం రాశాడో అందులో వరసగా చెప్పుకున్నాడు. పని చూపించి పేరు చెప్పుకోవడం ఎలాగో తెలిసిన కవి.

అక్కడి నుంచి మూడున్నర శతాబ్దాలు ముందుకు వస్తే ఏలూరికి చెందిన కావలి వెంకట బొర్రయ్య కనిపిస్తాడు. 1796 ప్రాంతంలో శాసనాలూ చరిత్రలూ సేకరించే సర్వేయరు కాలిన్ మెకంజీ దగ్గర చేరాడు. మెకంజీ ఈ దేశపు విజ్ఞానంలోకి అడుగుపెట్టడానికి బొర్రయ్య పరిచయమే మొదటి వాకిలి అయిందని ఆ దొరే తర్వాత రాసుకున్నాడు. బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే పోతే తమ్ముడు లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు. ఆ తర్వాత నూరేళ్ల పాటు కచేరీల చుట్టూ తిరిగిన వేలమంది గుమాస్తాలు, దుబాసీలు, బడిపంతుళ్లు సిఫారసు కాగితాలు జేబులో పెట్టుకునే తిరిగారు. వాళ్లలో ఎక్కువమంది పేర్లు కూడా మనకు మిగల్లేదు. ఒక్కడి కథ మాత్రం అడుగడుగునా కాగితాలతో సహా మిగిలింది. మధ్యలో అది నెల్లూరు మీదుగా కూడా వెళ్తుంది.

శ్రీనివాస రామానుజన్‌ది కుంభకోణం. తెలుగు నేలతో ఆయన మొదటి పరిచయం దుఃఖంతో మొదలైంది. గణితం తప్ప వేరే పాఠం తలకెక్కక కాలేజీలో స్కాలర్‌షిప్ పోగొట్టుకుని, 1905 ఆగస్టులో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వెళ్లిపోయాడు. అప్పటికి పదిహేడేళ్లు. పిల్లవాడు కనిపించడం లేదని పత్రికకు రాసేదాకా వెళ్లింది ఆ ఇంటి బాధ. తిరిగొచ్చి మద్రాసు పచ్చయప్ప కాలేజీలో చేరాడు. అక్కడా ఎఫ్.ఏ. పరీక్ష (ఇప్పటి ఇంటర్ లాంటిది) తప్పాడు. 1909లో పెళ్లయింది. చేతిలో డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు. ఉన్నవి నోటుబుక్కులు.

కాగితం కొనే స్తోమత లేక లెక్కంతా పలక మీద సుద్దతో చేసేవాడు, మోచేత్తో చెరిపేసేవాడు, తేలిన ఫలితాన్ని మాత్రం నోటుబుక్కులో ఎక్కించేవాడు. అందుకే అందులో సూత్రాలున్నాయి గానీ చాలావాటికి నిరూపణలు లేవు. చూసినవాడికి అది పిచ్చివాడి రాతలాగానైనా ఉండాలి, మహాగణితం లాగానైనా ఉండాలి. ఏదో తేల్చగలిగిన మనిషి చేతుల్లో పడేదాకా దానికి విలువ లేదు.

1910లో ఆ పుస్తకాలు పట్టుకుని తిరుక్కోయిలూరులో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్ దగ్గరికి వెళ్లాడు. 1907లో భారతీయ గణిత సమాజాన్ని స్థాపించింది ఆయనే. కుర్రవాడు అడిగింది రెవెన్యూ శాఖలో చిన్న గుమాస్తా పని. అయ్యర్ పుస్తకాలు తిరగేశారు. ఇంతటివాణ్ణి తీసుకెళ్లి రెవెన్యూ శాఖ అట్టడుగు మెట్టు మీద కూర్చోబెట్టడానికి మనసొప్పక, ఉద్యోగం ఇవ్వకుండా మద్రాసులోని మిత్రులకు ఉత్తరాలు రాసిచ్చారు. వాళ్లలో ఒకరు పి.వి. శేషు అయ్యర్. కుంభకోణంలో రామానుజన్‌కు పాఠం చెప్పిన మాస్టారే అప్పటికి ప్రెసిడెన్సీ కాలేజీకి వచ్చి ఉన్నారు. ఆ దారి నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు దాకా సాగింది.

కలెక్టరు గారి దగ్గరికి ఈ మనిషిని తీసుకొచ్చింది ఎవరో తెలుసా? ఆయన మేనల్లుడు. లెక్కల వాసన బొత్తిగా లేని యువకుడు. ఎవరో ఒకతను వచ్చి గణితం గురించి ఏవేవో చెబుతున్నాడు, నాకేం అర్థం కావట్లేదు, మీరు చూస్తారా అని మామయ్యను అడిగాడట. తనకు తెలియని విషయాన్ని కొట్టిపారేయకుండా తెలిసినవాళ్ల దగ్గరికి చేర్చిన ఆ యువకుడి మీద నాకు చెప్పలేనంత గౌరవం. ప్రపంచ గణిత చరిత్రలో అతని వంతు ఆ ఒక్క మాట. ఆ మాటే లేకపోతే?

తర్వాత జరిగింది రామచంద్రరావు స్వయంగా రాసిపెట్టారు. పొట్టిగా, లావుగా, గడ్డం మాసి, బట్టలు అంత శుభ్రంగా లేని ఒక మనిషి చంకలో నలిగిన నోటుబుక్కుతో లోపలికి వచ్చాడు. కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. పుస్తకంలో ఉన్నది అసాధారణంగా తోచింది గానీ, అసలైనదో కాదో కలెక్టరుకు తేలలేదు. ఆ మాటే చెప్పి మళ్లీ రమ్మన్నారు. రామానుజన్ మళ్లీ వెళ్లాడు. ఆయనకు అందుతున్నది ఎంతవరకో గ్రహించి, ఈసారి తేలిక ఫలితాలతో మొదలుపెట్టాడు. ఒక్కో మెట్టూ ఎక్కించి చివరికి తన లోతైన సిద్ధాంతాల దగ్గరికి తీసుకెళ్లాడు. అప్పటికి కలెక్టరు పూర్తిగా లొంగిపోయారు. నీకేం కావాలని అడిగితే, తిండికి వెతుక్కోకుండా లెక్కలు చేసుకునేంత వెసులుబాటు కావాలన్నాడు. రామచంద్రరావు నెలకు ఇరవై అయిదు రూపాయలు సొంత డబ్బు పంపడం మొదలుపెట్టారు.

ఎదుటివాడి స్థాయి చూసి చెప్పడం రామానుజన్‌కు నెల్లూరులో అబ్బిందేమో అనిపిస్తుంది నాకు. ఎందుకంటే తర్వాత వేసిన అడుగులన్నీ తెలివైనవే. 1911లో గణిత సమాజం పత్రికలో ఒక ప్రశ్న పంపాడు. వర్గమూలం లోపల వర్గమూలం, దాని లోపల మరొకటి, అలా అంతం లేకుండా సాగే లెక్క. దాని విలువ ఎంత? సంచికల మీద సంచికలు గడిచాయి, ఆరు నెలలైనా ఎవరూ చెప్పలేకపోయారు. జవాబు ఆయనే ఇచ్చాడు: మూడు. అదే ఏడాది బెర్నౌలీ సంఖ్యల మీద తొలి వ్యాసం అచ్చయింది. పేరు గణితం తెలిసినవాళ్లలో పడింది. 1912 ఫిబ్రవరి 9న మద్రాసు పోర్టు ట్రస్టుకు దరఖాస్తు పెట్టాడు. మెట్రిక్ పాసయ్యాననీ, ఎఫ్.ఏ. దాకా చదివి పరిస్థితులు కలిసిరాక ఆపాననీ, అప్పటి నుంచి గణితంలోనే ఉన్నాననీ దాపరికం లేకుండా రాశాడు. వెంట ప్రెసిడెన్సీ కాలేజీ ఆచార్యుడు మిడిల్‌మాస్ట్ ఇచ్చిన సిఫారసు. మార్చి 1న ఉద్యోగం, నెలకు ముప్ఫై రూపాయలు. ఆఫీసులో మేనేజరు నారాయణ అయ్యర్ కూడా గణితం మనిషే కావడం అదృష్టం.

ఇంగ్లండుకు ఉత్తరాలు ఆ ఆఫీసు నుంచే వెళ్లాయి. లండన్‌లోని హిల్ అనే ఆచార్యుడికి మద్రాసు ఇంజినీరింగ్ కాలేజీ గ్రిఫిత్ రాశారు. హిల్ శిష్యుడిగా తీసుకోలేదు గానీ, ఎక్కడ పొరపాట్లున్నాయో ఓపిగ్గా చెప్పి, అనంత శ్రేణుల మీద ఏ పుస్తకం చదవాలో రాశారు. కేంబ్రిడ్జిలో బేకర్, హాబ్సన్‌ల నుంచి సాయం అందలేదు. 1913 జనవరి 16న అక్కడే ఉన్న మరో గణితవేత్త హార్డీకి రాశాడు. ఆ ఉత్తరం తీరు చూడండి. ముందు తానెవరో: పోర్టు ట్రస్టు లెక్కల విభాగంలో గుమాస్తా, ఏడాదికి ఇరవై పౌండ్ల జీతం. వయసు ఇరవై మూడన్నాడు, నిజానికి అప్పటికి ఇరవై అయిదు నిండాయి. తర్వాత తన లోటు: విశ్వవిద్యాలయం చదువు లేదు. ఆ తర్వాత తను చేసిన పని. చివర్లో విన్నపం: తాను పేదవాణ్ణనీ, వీటిలో విలువ కనిపిస్తే అచ్చు వేయించమనీ. వెంట పేజీల కొద్దీ సిద్ధాంతాలు.

హార్డీ ఆ రాత్రి తోటి గణితవేత్త లిటిల్‌వుడ్‌ను కూర్చోబెట్టుకుని కాగితాలు తిరగేశాడు. కొన్ని ఫలితాలు అంతకుముందు తానెన్నడూ చూడనివి. అవి నిజమే అయి ఉండాలి, అలాంటివి కల్పించేంత ఊహ ఎవరికీ ఉండదని తర్వాత రాశాడు. ఫిబ్రవరి 8న జవాబు బయల్దేరింది. ఆ ఒక్క జవాబు మద్రాసులో ఎన్ని తలుపులు తెరిచిందంటే, ఎఫ్.ఏ. తప్పినవాడికి అదే మద్రాసు విశ్వవిద్యాలయం మే నెల నుంచి నెలకు డెబ్భై అయిదు రూపాయల పరిశోధన వేతనం ఇచ్చింది. 1914 మార్చి 17న రామానుజన్ నెవాసా ఓడ ఎక్కాడు. 1918లో రాయల్ సొసైటీ ఫెలో.

అరవై ఏళ్ల తర్వాత మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త నెల్లూరు కలెక్టరు మేనల్లుడు చేసిన ఆ పనికి ఒక సిద్ధాంతం రాశాడు. బోస్టన్ పక్కన న్యూటన్ అనే ఊళ్లో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను అడిగితే, ఆ తెలిసినవాళ్లను తరచూ కలుస్తామన్నది 16.7 శాతమే. అప్పుడప్పుడు కలుస్తామన్నది 55.6 శాతం, అరుదుగా కలుస్తామన్నది 27.8 శాతం. 1973లో అచ్చయిన ఆ వ్యాసం చెప్పేది ఇదీ: దగ్గరివాళ్లకు మనకు తెలిసిందే తెలుసు, కొత్త కబురు దూరపు పరిచయస్తుడి దగ్గరుంటుంది.

2002 డిసెంబరులో రీడ్ హాఫ్‌మన్ ఇంటి హాల్లో కొందరు మిత్రులు మొదలుపెట్టిన లింక్డిన్‌కు ఇదే పునాది. నీకు తెలిసినవాడికి తెలిసినవాడు ఎవరో తెర మీద కనపడటం పెద్ద మార్పే. 2016లో మైక్రోసాఫ్ట్ దాన్ని 2,620 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించినప్పుడు ఆ కంపెనీకి నాయకుడు బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల. 2023లో సభ్యుల సంఖ్య వంద కోట్లు దాటింది. అమెరికా తర్వాత ఎక్కువమంది మన దేశంలోనే ఉన్నారు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం రెండు కోట్ల మంది సభ్యుల మీద అయిదేళ్లు సాగిన ప్రయోగాలను పరిశీలించి గ్రానోవెటర్ మాటను చాలావరకు బలపరిచింది. మరీ దూరం కాని, మరీ దగ్గర కాని పరిచయమే ఎక్కువగా పనికొస్తుందని తేలింది. తమ మీద ప్రయోగం జరుగుతోందని ఆ సభ్యులకు విడిగా ఎవరూ చెప్పలేదన్న విమర్శ కూడా అప్పుడే వచ్చింది. అది సరైన విమర్శే.

ఇక్కడి నుంచి కథ ఒక దారిన నడవదు. ఎవరినైనా చేరగలగడం మంచిదే, ఎవరైనా మనల్ని చేరగలగడం ప్రమాదం. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన కుర్రాళ్లను కంబోడియాలోని సైబర్ మోసాల అడ్డాలకు పంపిన ఏజెంట్లను 2024లో విశాఖ పోలీసులు పట్టుకున్నారు. లేని అనుభవాన్ని సర్టిఫికెట్లతో సహా అమ్మే కన్సల్టెన్సీల సంగతి హైదరాబాదులో ఉద్యోగం వెతికినవాళ్లకు కొత్త కాదు. ఇప్పుడు కృత్రిమ మేధ రాసిచ్చిన పోస్టులన్నీ ఒకే గొంతుతో ఉంటున్నాయి. ఎక్కడ చూసినా అవే పొగడ్తలు, అవే కృతజ్ఞతలు. ఏడాది పాటు కష్టపడి నిజంగా ఒక ప్రాజెక్టు చేసిన సిరిసిల్ల అమ్మాయి మాట ఆ రొదలో వినపడటం లేదు. ఉద్యోగం వెతుకుతున్నామని చెప్పే ఆకుపచ్చ వలయం ఫొటో చుట్టూ పెట్టుకుని నెలల తరబడి ఎదురుచూసే పిల్లల్ని చూస్తే నాకు మనసు కలుక్కుమంటుంది.

ఉద్యోగం వెతుకుతున్న పిల్లలకు ఒక మాట. ‘హాయ్ సర్, ప్లీజ్ రిఫర్ మి’ అని రెండొందల మందికి ఒకే మెసేజ్ పంపకండి. అవతలి మనిషి ఏం పని చేస్తున్నారో చదివి, మీరెవరో రెండు వాక్యాల్లో, మీకు లేనిదేమిటో ఒక వాక్యంలో చెప్పి, మీరు చేసిన పని ఒక్కటి జతచేసి, ఏం కావాలో సూటిగా అడగండి. డబ్బు కట్టమన్నవాడికి రూపాయి ఇవ్వకండి, పాస్‌పోర్టు అసలే ఇవ్వకండి.

ఇక హైదరాబాదులోనో బెంగళూరులోనో డాలస్‌లోనో మంచి స్థానాల్లో ఉన్న తెలుగువాళ్లకు నా విన్నపం. ఈ ఆదివారం ఒక అరగంట కేటాయించి మీ ఇన్‌బాక్స్‌లో తెలియని పిల్లలు రాసిన మెసేజ్‌లు తెరవండి. అందులో ఒక్కటైనా మొదటి నుంచి చివరిదాకా చదివి జవాబు రాయండి. ఉద్యోగం ఇప్పించలేకపోతే ఆ సంగతే చెప్పండి. రెజ్యూమెలో తప్పు ఎక్కడుందో, ఏ పుస్తకం చదవాలో, ఎవరిని అడగాలో రాయండి. మీకు అర్థం కాని పని ఎవరైనా చూపిస్తే, అర్థమయ్యేవాళ్ల దగ్గరికి పంపండి.