ముహూర్తానికి అందే మెరుపు

తెలుగువాళ్ల పెళ్లి ముహూర్తాలు ఫొటోగ్రాఫర్లకు ఏమాత్రం అచ్చిరాని వేళల్లో పడతాయి. పంచాంగం చూసి అయ్యగారు పెట్టే లగ్నం రాత్రి పదకొండుకో, తెల్లవారుజామున మూడున్నరకో ఉంటుంది. ఇంటి ముందు పందిరి, అందులో నాలుగు బల్బులు, హోమం పొగ. జీలకర్ర బెల్లం పెట్టడం, మూడు ముళ్లు పడటం నిమిషంలో అయిపోయే తంతులు. బంధువులు లేచి అక్షింతలు వేసేటప్పుడు కెమెరాకు అడ్డం రాని చేయి ఉండదు. ఆ సమయానికి వెలుతురు అందకపోతే మళ్లీ తాళి కట్టమని ఎవరినీ అడగలేరు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పరిసరాల్లో ఫొటో పని చేసినవాళ్ల చరిత్రను అందుకే కెమెరాల పేర్లతో చెబితే సగమే అవుతుంది. మిగతా సగం స్టూడియో గడప దాటాక వెలుతురును వెంట ఎలా మోసుకెళ్లారన్నది.

నిజాం కాలంలో ఇది సంస్థానాల సీమ. గద్వాల, వనపర్తి, జటప్రోలు పాలకులకు కోటలూ భవంతులూ ఉండేవి, పండితులను పోషించే సంప్రదాయమూ ఉండేది. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అన్న పేరు అలా వచ్చిందే. ఆ రోజుల్లో హైదరాబాద్ రాజ్యంలో ఫొటో అంటే లాలా దీన్‌దయాళ్. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టిన ఈయన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యాడు, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. పరదాలో ఉండే స్త్రీల కోసం 1892లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాని బాధ్యతను ఒక ఇంగ్లిషు మహిళకు అప్పగించాడు. పెద్దింటి ఆడవాళ్లను సైతం స్టూడియోకి రప్పించుకోవాల్సి రావడానికి వెలుతురూ ఒక కారణం. ఆనాటి స్టూడియోలు అద్దాల కప్పులోంచి దిగే పగటి వెలుగు మీద నడిచేవి. కెమెరాను బండెక్కించి ఊళ్లోకి తేవచ్చు, ఆ కప్పును తేలేరు కదా.

మోసుకెళ్లగలిగిన మొదటి వెలుతురు మెగ్నీషియం. 1887లో జర్మనీలో అడాల్ఫ్ మీథె, యోహానెస్ గేడికె కలిసి మెగ్నీషియం పొడిలో పొటాషియం క్లోరేట్ కలిపి ఫ్లాష్ పొడి తయారు చేశారు. నిప్పు తగలగానే భగ్గుమని మండి, గదంతా తెల్లని పొగ కమ్మేది. న్యూయార్క్ మురికివాడల ఇళ్లలోకి దీన్ని పట్టుకెళ్లిన పాత్రికేయుడు జేకబ్ రీస్, తాను ఫొటో తీయబోయిన ఇంటికి రెండుసార్లు నిప్పంటించానని స్వయంగా రాసుకున్నాడు. ఇక ఎండిన తాటాకు పందిరి కింద ఆ పొడి వెలిగిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

వెలుతురు చిక్కు పందిళ్లకే పరిమితం కాదు, అడవిలోనూ ఉంది. నల్లమలలోని అమ్రాబాద్ పీఠభూమి ఇప్పుడు నాగర్‌కర్నూలు జిల్లాలో ఉంది. ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లో అక్కడి చెంచు పెంటల్లో (గూడేల్లో) ఉండి పరిశోధన చేశాడు. 1943లో వచ్చిన ఆయన పుస్తకంతో, అప్పుడు తీసిన ఫొటోలతో నల్లమల చెంచులు ప్రపంచానికి పరిచయమయ్యారు. ఆ ఫొటోలు నేడు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయ భాండాగారంలో ఉన్నాయి. కరెంటు సంగతి అటుంచితే, ఆ అడవిలో చెట్ల నీడే పెద్ద చిక్కు. మిట్టమధ్యాహ్నం కూడా ముఖంలో సగం నలుపు, సగం మచ్చలు మచ్చలుగా ఎండ పడుతుంది. నల్లమలలో ఇప్పుడు ఫొటోలు తీసేవాళ్లూ పగటిపూట కూడా ఫ్లాష్ వాడటానికి కారణం ఇదే.

1929 తర్వాత ఫ్లాష్ బల్బు వచ్చింది. గాజు బుడ్డిలో సన్నని లోహపు రేకు, ఆక్సిజన్. చిన్న బ్యాటరీ కరెంటు తగలగానే ఒక్కసారి మండి మాడిపోతుంది. పొగా మంటా లేవు, కాని ఒక్క ఫొటోకు ఒక్క బల్బు. కాలిన బల్బును వెంటనే ముట్టుకుంటే వేళ్లు చుర్రుమనేవి. బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ తయారు చేసిన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా మన మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చిన రోజుల్లో దానికి ఇలాంటి ఫ్లాషే తోడు. ఫిల్ముకూ డబ్బే, కడిగించడానికీ డబ్బే. దానికితోడు మీట నొక్కిన ప్రతిసారీ బల్బు ఖర్చు కూడా పడితే ఆ లెక్క చిన్న ఊరి ఫొటోగ్రాఫర్‌కు గిట్టుబాటయ్యేది కాదు. పెళ్లంటే పగటిపూట ఇంటి గోడ ముందు బంధువులను వరసగా నిలబెట్టి తీసే గ్రూపు ఫొటోలుగా మిగిలిందంటే అందులో ఆశ్చర్యం లేదు.

కథ మలుపు తిరిగింది ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌తో. అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్ 1930ల్లో దీనికి బాట వేశాడు. సూత్రం పెద్ద గహనమైనదేమీ కాదు. సెల్లుల్లోని ఆరు వోల్టులను ఒక చిన్న సర్క్యూటు సుమారు 300 వోల్టులకు పెంచి కెపాసిటర్‌లో నింపుతుంది. మీట నొక్కగానే అదంతా జినాన్ వాయువు నిండిన గాజు గొట్టంలోంచి వెయ్యో వంతు సెకనులో దూకుతుంది. గొట్టం మాడదు, మళ్లీ మళ్లీ వెలుగుతుంది. స్విచ్చు వేయగానే వినిపించే కీచుమనే సన్నని చప్పుడు ఆ కెపాసిటర్ నిండుతున్న చప్పుడే. ఎర్రదీపం వెలిగేదాకా ఫొటోగ్రాఫర్ ఆగాల్సిందే. పురోహితుడు మాత్రం ఆగడు.

ఫిల్ము రోజుల్లో పెళ్లి పనికి దిగినవాళ్ల చేతుల్లో నేషనల్, సన్‌పాక్, మెట్జ్ ఫ్లాష్‌లు కనిపించేవి. వీటితోపాటు ప్రపంచమంతా చవకగా, మొండిగా పనిచేసే ఫ్లాష్‌గా పేరు తెచ్చుకున్నది 1970ల నాటి వివిటార్ 283. నాలుగు పెన్సిల్ సెల్లులు వేస్తే చాలు. తలకాయను పైకెత్తి కప్పు మీదికి కొట్టవచ్చు. ముందుభాగంలో గుండ్రటి సెన్సర్ ఉంటుంది, దాని చక్రం మీద పసుపు, ఎరుపు, నీలం, ఊదా గుర్తులు. రంగుకొక దూరం, దూరానికొక ఎపర్చర్ (లెన్సు రంధ్రం కొలత). ఎదుటి మనిషి మీద పడి తిరిగొచ్చిన వెలుతురును ఆ సెన్సర్ చూసి, సరిపోయిందనుకోగానే ఫ్లాష్‌ను ఆపేస్తుంది. మిగిలిన శక్తి కెపాసిటర్‌లోనే ఉంటుంది కాబట్టి తర్వాతి మెరుపుకు త్వరగా సిద్ధమవుతుంది. దగ్గరి నుంచి తాళి ఫొటో తీస్తే వెంట వెంటనే కొట్టవచ్చు, దూరంగా పందిరంతా తీయాలంటే పది సెకన్లకు పైనే ఎదురుచూడాలి. రీలులో ఉన్నవి 36 ఫొటోలు. ఎప్పుడు నొక్కాలో, ఎప్పుడు నొక్కకూడదో తెలియడమే అప్పటి పనితనం.

పగటిపూట ఫ్లాష్‌కు ఒక పరిమితి ఉండేది. పెంటాక్స్ కె1000 కెమెరాలో ఫ్లాష్ పనిచేసే గరిష్ఠ షట్టర్ వేగం సెకనులో 60వ వంతు, యాషికా ఎఫ్ఎక్స్-3 సూపర్ 2000లో 125వ వంతు. మండుటెండలో 100 స్పీడు ఫిల్ముకు ఆ రెండో వేగం దగ్గర ఎపర్చర్ ఎఫ్16 పెట్టక తప్పదు. 283 లాంటి ఫ్లాష్ వెలుతురు అప్పుడు రెండుంబావు మీటర్లకు మించి చాలదు. అంటే ఎండలో పెళ్లికూతురు ఒక్కదాని ముఖం మీది నీడ తీయవచ్చు. ఆడపడుచులందరినీ కలిపి నిలబెడితే నీడలు నీడలుగానే ఉంటాయి.

1980ల తర్వాత వీడియో వచ్చి పందిట్లోకి ఇంకో వెలుతురును తెచ్చింది: సన్‌గన్. వెయ్యి వాట్ల హాలోజన్ బల్బు, పొడుగాటి వైరు, దాన్ని ఎత్తి పట్టుకోవడానికి ఒక లైట్ బాయ్. ఆ వేడికి పెళ్లికొడుకు బాసికం కింద చెమట ధారలు కట్టేది. కరెంటు పోతే సన్‌గన్ ఆరిపోయేది, పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) పల్లెల్లో అప్పట్లో కరెంటు పోవడం వింత కాదు. జనరేటర్ అద్దెకు తెచ్చుకోగల ఇళ్లు కొన్నే. వీడియో ఆగిపోయిన ఆ చీకట్లో పని కానిచ్చింది మాత్రం నాలుగు సెల్లుల ఫ్లాషే. ఊళ్లలో ఫొటోగ్రాఫర్ పరపతి కాస్త నిలిచింది దానివల్లనే అనుకోవచ్చు. 1993లో ప్రధాన కమిషనర్ టి.ఎన్. శేషన్ హయాంలో ఎన్నికల సంఘం ఓటరు ఫొటో కార్డులు ఇవ్వాలని ఆదేశించాక స్టూడియో గడప తొక్కనివాళ్లూ కెమెరా ముందుకొచ్చారు. అదీ ఊరికి వెళ్లి చేయాల్సిన పనే.

ఈ ఫ్లాష్ సామాను కొనడం ఒక ప్రయాణం. గద్వాల నుంచి కర్నూలూ రాయచూరూ రెండూ సుమారు అరవై కిలోమీటర్ల దూరం. రాయచూరుకు 2013లో రైలు కూడా పడింది. వనపర్తి, నాగర్‌కర్నూలు వాళ్ల చూపు హైదరాబాద్ కోఠి వైపు. 1991కి ముందు విదేశీ సరుకు మీద దిగుమతి ఆంక్షలూ సుంకాలూ ఎక్కువ. గల్ఫ్ నుంచి వచ్చే చుట్టాలున్న కరీంనగర్ వాళ్లకు ఉన్న వీలు పాలమూరు వాళ్లకు తక్కువ. ఇక్కడి వలస ఎక్కువగా బొంబాయికీ, ఎక్కడెక్కడో కట్టే ఆనకట్టలకూ. వాళ్ల సంచిలో జపాన్ ఫ్లాష్ రాదు.

డిజిటల్ కెమెరాలు రాగానే పాత ఫ్లాష్‌లు కొన్ని చిక్కు తెచ్చిపెట్టాయి. తొలినాళ్ల వివిటార్ 283లలో కొన్నింటికి ట్రిగర్ వోల్టేజీ, అంటే కెమెరా కాంటాక్టు మీద పడే వోల్టేజీ, 250 పైనే. సున్నితమైన డిజిటల్ కెమెరా నెత్తిన నేరుగా పెడితే దాని సర్క్యూటు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఫ్లాష్‌ను కెమెరాకు దూరంగా స్టాండు మీద పెట్టి, మరో ఫ్లాష్ మెరుపును చూసి మెరిపించే ఆప్టికల్ స్లేవ్‌తో వెలిగించేవాళ్లకు వేరే తంటా. స్లేవ్‌కు తన యజమాని ఎవరో తెలియదు. ఏ మేనమామ కెమెరా మెరిసినా అదీ మెరుస్తుంది, అసలు ఫొటో వేళకు ఖాళీగా ఉంటుంది. రేడియో ట్రిగర్లు చవకయ్యాకే ఈ బెడద తీరింది. రేడియో రిసీవర్‌ను లోపలే పెట్టుకుని వచ్చిన యాంగ్‌నువో 560-3 వంద డాలర్ల లోపు దొరికింది.

అసలు మార్పు లిథియం బ్యాటరీతో వచ్చింది. స్వీడన్ కంపెనీ ప్రోఫోటో 2013లో తెచ్చిన బీ1, వైరు అక్కర్లేని 500 జౌళ్ల (జౌల్ శక్తికి కొలమానం) స్టూడియో ఫ్లాష్. ధర దాదాపు 2,000 డాలర్లు. మన డబ్బుల్లో లక్ష దాటింది, పన్నులు వేరే. జిల్లా కేంద్రంలోని స్టూడియోకు అది చూసి ఆనందించాల్సిన వస్తువే. 2017లో షెన్‌జెన్‌కు చెందిన గోడాక్స్ ఏడీ200ను సుమారు 300 డాలర్లకు అమ్మింది. ఇటుకంత పరిమాణం, 200 జౌళ్లు, 14.4 వోల్టుల 2,900 ఎంఏహెచ్ బ్యాటరీ. ఈ అంకెల్ని ఒకసారి గుణించి చూడాలి. ఆ బ్యాటరీలో ఉన్నది సుమారు లక్షా యాభై వేల జౌళ్లు. పూర్తి శక్తితో 500 మెరుపులు వస్తాయని కంపెనీ మాట, అంటే లక్ష జౌళ్లు. మిగతాది వేడిగా పోతుందనుకుంటే లెక్క సరిపోతుంది. నాలుగు చార్జింగ్ పెన్సిల్ సెల్లుల్లో ఉండేది 35 వేల జౌళ్లు మాత్రమే. ఏడీ200 పూర్తి శక్తికి సుమారు రెండు సెకన్లలో సిద్ధమవుతుంది కాబట్టి పురోహితుడి వేగాన్ని అందుకోలేని తిప్పలూ తగ్గాయి.

2016 అక్టోబర్ 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. ఆ తర్వాతి ఏళ్లలో పనీ మారింది. పెళ్లికి ముందే జంటను తీసుకెళ్లి ఫొటోలు తీయడం రివాజైంది. కొల్లాపూర్ దగ్గర సోమశిల కృష్ణ తీరం, గద్వాల కోట గోడలు, జూరాల నీళ్లు అందుకు తగిన చోట్లు. అక్కడ ప్లగ్గు పెట్టే చోటు లేదు. ఏడీ200 సెకనులో 8,000వ వంతు షట్టర్ వేగం దాకా కెమెరాతో కలిసి పనిచేస్తుంది కాబట్టి ఎపర్చర్ తెరిచి వెనక కృష్ణను మసకబార్చవచ్చు. అయితే ఆ పద్ధతిలో వెలుతురు బాగా తగ్గిపోతుందని అమ్మేవాళ్లు గట్టిగా చెప్పరు.

ఇంకో మెలకువ గద్వాల చీర నేర్పుతుంది. నూలు చీరకు పట్టు అంచు, కొంగు, వాటిలో జరీ. ఫ్లాష్ నేరుగా కొడితే నూలు భాగం బాగానే వస్తుంది, జరీ మాత్రం తెల్లగా పేలిపోయి అంచు డిజైన్ కనిపించదు. తెల్ల గొడుగునో సాఫ్ట్‌బాక్స్‌నో అడ్డం పెట్టి పక్క నుంచి వేస్తే ఒక్కో పోగు తేలుతుంది. అలా అడ్డం పెట్టినప్పుడు సగానికి సగం వెలుతురు పోతుంది. చిన్న ఫ్లాష్ చాలదు, 200 జౌళ్లు కావాలనడానికి ఈ ప్రాంతంలో ఉన్న గట్టి కారణం ఈ అంచే.

కొనబోయేవాళ్లకు నాలుగు మాటలు. మొదటి ఫ్లాష్‌గా రేడియో ఉన్న మామూలు మాన్యువల్ గన్ చాలు, పాత ఫ్లాష్ కొంటే మాత్రం ట్రిగర్ వోల్టేజీ కొలిపించుకోవాలి. తర్వాత లిథియం ఫ్లాష్‌కు వెళ్లేటప్పుడు బిల్లూ వారంటీ లేని సరుకు రెండు మూడు వేలు తక్కువకు వచ్చినా వద్దనుకోవాలి, ఎందుకంటే గొట్టం పోయినా బోర్డు పోయినా బాగుచేసే చోటు జిల్లాలో దొరకడం కష్టం. సీజన్ లేని ఆషాఢంలోనూ, మూఢాల్లోనూ బ్యాటరీని పూర్తిగా ఖాళీగా వదిలేయకూడదు, సగం చార్జింగ్‌తో ఉంచాలి. గద్వాలకూ సోమశిలకూ మధ్య బైకు మీద తిరిగి ఆర్డర్లు చేసేవాళ్లకు 600 జౌళ్ల పెద్ద ఫ్లాష్ ఒకటి కన్నా 200 జౌళ్లవి రెండు మేలు. ముహూర్తం వేళకు ఒకటి మొరాయించినా రెండోది ఉంటుంది.