మునగాల పరగణా పొలిమేర రాళ్లు

గద్వాల, వనపర్తి, జటప్రోలు సరసన మునగాలను కూడా నిజాం సంస్థానమని రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ పరగణాలో పుట్టి పెరిగినవాణ్ణి, నాకిది మింగుడుపడదు. బ్రిటిష్ కాలంలో మన జమీందారు కట్టిన పేష్కష్, అంటే జమీ శిస్తు, హైదరాబాదు ఖజానాకు పోలేదు. అప్పట్లో మనది కృష్ణా జిల్లా నందిగామ తాలూకా. చుట్టూ నిజాం ఇలాకా, నడుమ మద్రాసు ప్రెసిడెన్సీ ముక్క.

ఈ పొరపాటుకు కారణం లేకపోలేదు. మునగాల జమీందారు రాజా నాయని వెంకటరంగారావు గారు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపనకు ముందు నిలిచారు. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు పంతులు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని అక్కడే మొదలుపెట్టారు. రాజావారి పేరు అక్కడ మారుమోగింది గనుక రాజ్యమూ అక్కడిదే అనుకున్నారు. కానీ సంస్థానాలు రద్దయింది 1949 నాటి హైదరాబాదు జాగీర్ల రద్దుతో. మన జమీ పోయింది 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో. ఇంత స్పష్టంగా ఉన్నా వినరు కాబట్టే నేను పొలిమేర రాళ్ల వెంట పడ్డాను.

కోదాడ వైపు మా తూర్పు గెట్టు మీద మోకాలెత్తు నల్లరాయి ఒకటి ఉంది. తలమీద ఉలితో కొట్టిన మూడు గీతలు మూడు దిక్కులకు పోతాయి. ఒక అంచు గొర్రు తగిలి పెచ్చు లేచింది. మా పెద్దలు దాన్ని సర్కారు రాయి అంటారు. ఊళ్లో కొందరు మాత్రం గుడి మాన్యం రాయని పట్టుబడతారు. మాన్యం రాయైతే శంఖుచక్రాలో, లింగమో నందో ఉండాలి, సూర్యచంద్రులైనా ఉండాలి. దీనిమీద అవేవీ లేవు. ఉన్నవి మూడు ఊళ్ల హద్దులు కలిసేచోట కొట్టే గీతలే.

జమీందారీ పోయాక జరిగిన సర్వేలో పాతిన రాయి కావచ్చు కదా అని ఒక మిత్రుడు అడిగాడు. కావచ్చు. నా వాదన దానితో పడిపోదు. రాయి ఏ ఏడు పాతారన్నది కాదు, ఏ గీత మీద పాతారన్నది చూడాలి. రాయికి పడమర, మా వైపు పాత దస్తావేజులు చూడండి: ఎకరాలు, సెంట్లు. నాలుగడుగులు దాటి అవతలి రైతు కాగితాలు అడిగితే ఎకరాలు, గుంటలు. ఊరి భూమి లెక్కకు ఇక్కడ అడంగల్, అక్కడ పహాణీ. ఒకే నల్లరేగడి, ఒకే గెట్టు, ఇటువైపు నూరు సెంట్లకు ఎకరం, అటు నలభై గుంటలకు. నిజాం సంస్థానంలో సెంట్లెలా వచ్చాయో మునగాలను ఆ జాబితాలో చేర్చినవాళ్లు చెప్పాలి.

ఆ గెట్టు దాటితే రూపాయి కూడా మారేది. ఇక్కడ బ్రిటిష్ కల్దారు, అక్కడ నిజాం హాలీ సిక్కా. సరుకు దాటితే కరోడ్‌గిరి నాకాలో సుంకం. నిజాం పోలీసులు తరిమినవాళ్లకు మాత్రం ఆ గెట్టే ఊపిరి. దాన్ని దాటి మన ఊళ్లలో తలదాచుకున్నవాళ్లున్నారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మనల్ని నల్లగొండలో కలిపారు, 2016 నుంచి సూర్యాపేట జిల్లా. నాగార్జునసాగర్ ఎడమ కాలువ వచ్చి మెట్టచేలు మాగాణయ్యాయి, గట్లు జరిగాయి. హైవే పరగణాలో అడుగుపెట్టేచోట రాయన్న ఆనవాలే లేదు. 1923 నాటి సర్వే, హద్దుల చట్టం సర్వే రాయిని కాపాడే బాధ్యత పట్టాదారు మీదే పెట్టింది. మన దగ్గర ఆ రాళ్లు వాకిట్లో బట్టలుతికే బండలయ్యాయి. నాకిది బాధ కాదు, కోపం.

పరగణాలోనే నడిగూడెం వైపు ఇలాంటి రాళ్లు ఇంకా కొన్ని మిగిలి ఉంటాయని నా నమ్మకం. కాలువ కింద భూములు చదును చేయించే రైతులకు నా విన్నపం ఒకటే. తలమీద గీతలున్న రాయి కనబడితే పెరికించకండి. అది ఉన్నచోటే ఉండగా ఫోటో తీసి, గీతలు ఏ ఊళ్ల వైపు చూస్తున్నాయో రాసి, గెట్టుకు ఇరువైపులా ఉన్న పాత కాగితాల నకళ్లు దానికి జతచేయండి.