బౌద్ధం, వానదేవుళ్ళు, మన సీమ

రాయలసీమలో బౌద్ధం గురించి రాసేవాళ్ళు సాధారణంగా రెండు దారుల్లో ఏదో ఒకటి పడతారు. ప్రతి శివాలయం కిందా ఒక స్తూపం ఉందనేవాళ్ళు కొందరు. ఈ కరువునేలకు బౌద్ధంతో ఏం పని అని కొట్టిపారేసేవాళ్ళు మరికొందరు. రెండూ చరిత్ర కావు. బౌద్ధం ఇక్కడి జనం నిత్యజీవితంతో ఎక్కడ తలపడింది, ఎక్కడ రాజీపడింది అన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు వెతకాలంటే మహానంది నుంచి పడమరగా పత్తికొండ సీమ దాకా, అక్కడినుంచి చైనా దాకా చూపు సాగాలి.

గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి బండలమీద ఉన్న అశోకుని శాసనాలను భూగర్భశాస్త్రజ్ఞుడు అనుఘోష్ 1929లో గుర్తించాడు. లఘుశాసనాలతోబాటు పద్నాలుగు శిలాశాసనాలూ ఒకేచోట ఉండడం అక్కడి విశేషం. తల్లిదండ్రుల మాట వినాలనీ, ప్రాణులపట్ల దయ ఉండాలనీ, శిష్యులు గురువును గౌరవించాలనీ లఘుశాసనం చెబుతుంది. బడిపంతులుగా ఆ చివరిమాట నాకు ఇష్టమే. కాని మన చర్చకు ముఖ్యమైనది తొమ్మిదవ శిలాశాసనం. జబ్బు చేసినప్పుడు, పెళ్ళిళ్ళలో, బిడ్డ పుట్టినప్పుడు, ప్రయాణాలప్పుడు జనం రకరకాల మంగళకార్యాలు చేస్తారనీ, ఆడవాళ్ళు మరీ ఎక్కువ చేస్తారనీ, వాటివల్ల కలిగే ఫలం స్వల్పమనీ అందులో రాజు అంటాడు. దాసులను, సేవకులను సరిగా చూడడం, గురువులను గౌరవించడం, ప్రాణులపట్ల నిగ్రహం, శ్రమణులకూ బ్రాహ్మణులకూ దానం, ఇవే ఎక్కువ ఫలమిచ్చే మంగళకార్యమంటాడు.

ఆయన తంతును నిషేధించలేదు, దాని అర్థాన్ని మార్చజూశాడు. మొక్కు ఉన్నచోట పనిచేసే మనిషిపట్ల ప్రవర్తనను నిలిపాడు. ఆ కాలానికి అది గొప్ప ముందడుగు. దాని హద్దు కూడా అక్కడే ఉంది. దాసుణ్ణి బాగా చూడమన్నాడు గాని దాస్యం ఉండరాదనలేదు. ఆడవాళ్ళ మొక్కులను తేలిక చేశాడు గాని, వాళ్ళచేత ఆ మొక్కులు మొక్కించే భయం ఏమిటని అడగలేదు.

సుమారు తొమ్మిది వందల ఏళ్ళ తర్వాత, క్రీ.శ. 7వ శతాబ్దంలో, చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకానికి నైరుతిగా చూళియ అనే దేశాన్ని వర్ణించాడు. కన్నింగ్‌హామ్ దాన్ని కర్నూలు ప్రాంతమన్నాడు. తర్వాతి చరిత్రకారులు పలువురు రేనాటి చోళుల రాజ్యమన్నారు. ఏదైనా మన సీమే. అక్కడ జనం పలచన, ఆరామాలు పాడుబడ్డాయి, దేవాలయాలు పదులకొద్దీ ఉన్నాయి, దిగంబరులు ఎక్కువ అని ఆయన రాశాడు. కలమళ్ళలో, ఎర్రగుడిపాడులో తెలుగును బండమీదికి ఎక్కించింది ఆ రేనాటి చోళులే. మన భాష శాసనాలకెక్కిన కాలమూ, ఇక్కడి ఆరామాలు కూలిన కాలమూ దాదాపు ఒకటే.

ఆరామం కూలింది, సరే. జనం నమ్మకం ఏమైంది? నాగపూజనే తీసుకుందాం. అది బౌద్ధంకంటే పాతది. అమరావతి శిల్పాల్లో నాగులు స్తూపాలను చుట్టుకొని ఉంటాయి. బుద్ధుడికి పడగపట్టిన ముచిలిందుడి కథ అందరూ ఎరిగినదే. బౌద్ధం నాగును చంపలేదు, కాపలాకు పెట్టుకుంది. బౌద్ధగ్రంథాలు చైనాభాషలోకి వెళ్ళినప్పుడు నాగం అక్కడి 'లోంగ్' అయింది. నాగరాజు వానలిచ్చే 'లోంగ్‌వాంగ్' అయ్యాడు. వాన రాకపోతే చైనా పల్లెల్లో ఆ దేవుడి విగ్రహాన్ని గుళ్ళోనుంచి తెచ్చి ఎండలో నిలబెట్టేవాళ్ళు, తమ బాధేమిటో ఆయనకూ తెలియాలని. మన పల్లెల్లో వానకోసం విరాటపర్వం చదివించడం, కప్పను ఊరేగించడం, శివలింగం మునిగేదాకా బిందెలతో నీళ్ళు పోయడం కొత్తవి కావు. మతాలు వేరు, భాషలు వేరు. బీటలువారిన చేను మాత్రం ఒకటే.

ఈ వెలుగులో మహానంది స్థలకథను చూడండి. పుట్టమీద ఆవు పాలు కురిసిందనీ, దాని గిట్ట ముద్ర లింగంమీద పడిందనీ చెబుతారు. దీన్ని బలవంతంగా బౌద్ధానికి ముడిపెట్టనక్కరలేదు. పుట్ట, పాలు, పక్కనే ఎండాకాలంలోనూ ఆగని నల్లమల ఊట. కరువుదేశపు మనిషి కోరేవన్నీ అందులో ఉన్నాయి. కోనేళ్ళు దాటిన ఆ నీరే కింది పొలాలను తడుపుతుంది. ఏ నీరు ఎవరి పొలానికి పారుతుందన్నది మాత్రం స్థలకథలు చెప్పవు. అది చెప్పవలసినవాడు రచయిత.

మన కథకుల్లో కొందరు అవ్వ మొక్కును చూసి నవ్వుతారు, కొందరు జానపద సంస్కృతి అని దండ వేస్తారు. ఇద్దరూ ఆ మొక్కు వెనక ఎండిన బావిని చూడరు. చైనా రైతు దేవుణ్ణి ఎండలో నిలబెట్టింది అజ్ఞానమేననుకుంటే సగమే చదివినట్టు. పని చేయకపోతే దేవుడైనా జవాబు చెప్పుకోవాలన్న నిలదీత అందులో ఉంది. ఆ నిలదీత నాగరాజును వదిలి, చెరువుల పూడిక తీయించనివాళ్ళ వైపు, నీటివాటా తెగ్గొట్టేవాళ్ళ వైపు ఎలా తిరుగుతుందో చూపగలిగితే మన కరువు సాహిత్యం తొమ్మిదవ శాసనాన్ని దాటి ఒక అడుగు ముందుకు వేసినట్టే.