"భాయ్‌గారూ, లండన్ వాడేమన్నాడు?"

ఎమర్జెన్సీ వచ్చి యాభై ఏళ్ళు దాటిపోయింది. ఆ రోజులను కళ్ళారా చూసినవారు మన సంఘంలో యిప్పుడు కొద్దిమందే మిగిలారు. జ్ఞాపకం వున్నంతలో నాలుగు మాటలు వ్రాసి పెడితే మన పిల్లలకు పనికి వస్తుందని యీ వ్యాసం తలపెట్టాము.

పత్రికల మీద సర్కారు చెయ్యి పడటం మన గోదావరి ప్రాంతానికి కొత్త సంగతి కాదు. రాజమహేంద్రవరంలో 1874లో వీరేశలింగం పంతులుగారు 'వివేకవర్ధని' పెట్టిన నాటినుంచీ యిది పత్రికల వూరు. 1907లో బిపిన్ చంద్రపాల్‌గారు యిక్కడికి వచ్చి ఉపన్యాసాలిచ్చిన వేడిలో ట్రైనింగు కాలేజీ నుంచి వెళ్ళగొట్టబడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, మరుసటి ఏడాదే బెజవాడ 'స్వరాజ్య' పత్రికలో వచ్చిన వ్యాసానికి జైలుకు పోయారు. అటు కలకత్తాలో మౌలానా ఆజాద్‌గారు 1912లో స్థాపించిన 'అల్ హిలాల్' 1914లో ధరావతు జప్తయి ఆగిపోయింది. మౌలానా మహమ్మదలీగారి 'కామ్రేడ్' గతీ ఆ ఏడే అంతే అయింది. అయితే యివన్నీ పరాయి ప్రభుత్వం చేసిన పనులు. స్వరాజ్యం వచ్చాక యిక ఆ బెడద లేదనుకున్నాము.

1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ పెట్టారు. ఆ రాత్రే ఢిల్లీలో పత్రికాఫీసులుండే బహదూర్‌షా జఫర్ మార్గ్‌కు కరెంటు తీసేశారు. మర్నాటినుంచి సెన్సారు. 'ఇండియన్ ఎక్స్‌ప్రెస్' సంపాదకీయం వుండవలసిన జాగాను ఖాళీగా వదిలి అచ్చువేసింది. సమాచార శాఖ మంత్రిగా గుజ్రాల్‌గారిని తప్పించి విద్యాచరణ్ శుక్లాగారిని కూర్చోబెట్టారు. కులదీప్ నయ్యర్‌గారిని జైల్లో పెట్టారు. ప్రెస్ కౌన్సిలు రద్దయింది. నాలుగు వార్తా సంస్థలనూ కలిపి 'సమాచార్' అని ఒక్కటి చేశారు. అంటే కాకినాడలో చదివినా కాశ్మీరులో చదివినా వార్త ఒక్క కుండలోనుంచే రావాలన్నమాట.

విదేశీ విలేఖరులను సెన్సారు నిబంధనలకు కట్టుబడి వుంటామని సంతకం చేయమన్నారు. 'వాషింగ్టన్ పోస్ట్' ప్రతినిధి లూయీ సైమన్స్‌ను దేశం నుంచి పంపించేశారు. బి.బి.సి. సంతకం చేయడానికి ఒప్పుకోలేదు. దాని ప్రతినిధి మార్క్ టల్లీ లండన్ వెళ్ళిపోవలసి వచ్చింది. మళ్ళీ ఆయన వచ్చింది 1977లోనే. బి.బి.సి.కి యిది రెండో దెబ్బ. 1970లో ఫ్రెంచి దర్శకుడు లూయీ మాల్ మన దేశం మీద తీసిన చిత్రాలను చూపించిందని కోపం వచ్చి దాని ఢిల్లీ ఆఫీసును మూయించారు.

మనిషిని పంపారు గాని గొంతును పంపలేకపోయారు. షార్టు వేవు మీద వచ్చే మాటకు వీసా అక్కరలేదు గదా! ఆ మాటే మా జాంపేట యింటికి కూడా వచ్చేది. ఆ రోజుల్లో రేడియోకు ఏటా పోస్టాఫీసులో రుసుం కట్టి చిన్న పుస్తకంలో స్టాంపు వేయించుకోవాలి. మా చాచాగారు తిండి మానినా అది మాత్రం మానేవారు కాదు. రాత్రి తలుపు గడియ పెట్టి, చెవి పెట్టెకు ఆనించి, ముల్లు వెంట్రుకవాసి అటూ యిటూ జరుపుతూ బి.బి.సి. ఉర్దూ 'సైర్‌బీన్' పట్టేవారు. గాలివాన వస్తే గరగరలే మిగిలేవి. 1976 ఏప్రిల్‌లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ దగ్గర యిళ్ళు కూల్చి, అడ్డం వచ్చినవారి మీద కాల్పులు జరిపిన సంగతి మేము మొదట తెలుసుకున్నది, చాలా ఆలస్యంగానైనా, ఆ పెట్టె వల్లనే. తెల్లవారి తెప్పించుకునే పేపర్లో యిరవై సూత్రాలు తప్ప ఏమీ వుండేది కాదు.

ఉదయం టీకొట్టు దగ్గర మా పక్కింటి మాస్టారు మెల్లగా దగ్గరకు వచ్చి, "భాయ్‌గారూ, లండన్ వాడేమన్నాడు?" అని అడిగేవారు. ఎందుకంటే లండన్ వాడు హిందీలో, ఉర్దూలో, తమిళంలో మాట్లాడేవాడు గాని తెలుగులో మాట్లాడేవాడు కాదు. ఉర్దూ వచ్చినవాడే కిటికీ. ముస్లిములందరికీ వచ్చని కాదు. మన నూర్‌బాషా సోదరుల యిళ్ళల్లో తెలుగే గదా, వారూ మమ్మల్నే అడిగేవారు.

యిక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. చాచాగారు మాస్టారికి అంతా చెప్పేవారు కాదు. తుర్క్‌మాన్ గేట్ మాట అసలే చెప్పలేదు. 1975 జూలై 4న నిషేధించిన 26 సంస్థల్లో ఆర్.ఎస్.ఎస్.తో పాటు జమాతె ఇస్లామీ హింద్ కూడా వుంది. మనవాళ్ళలో ఎవరే మాటంటే ఏం ముంచుకొస్తుందోనని భయం. "ఏముంది మాస్టారూ, వానలే" అని నవ్వి వూరుకునేవారు. పిల్లలం మేము బడిలో నోరు జారకుండా యింట్లో ప్రమాణం చేయించుకునేవారు. ఢిల్లీలో సెన్సారు ఆఫీసరు కూర్చుంటే, మా వీధి అరుగు మీద మేమే కూర్చున్నాము.

1977 మార్చిలో ఉత్తరాదిన కాంగ్రెసు తుడిచిపెట్టుకు పోయింది. రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీగారే ఓడిపోయారు. మన రాష్ట్రంలో 42 స్థానాలకు 41 కాంగ్రెసుకే వచ్చాయి. నంద్యాలలో సంజీవరెడ్డిగారు ఒక్కరే మిగిలారు. కాకినాడ, రాజమండ్రి, అమలాపురం, నరసాపురం, ఏలూరు అన్నీ ఒకే పక్షం. వార్తలు తెలియకపోవడం వల్లనే అలా జరిగిందంటే అన్యాయమవుతుంది. బలవంతపు ఆపరేషన్ల బాధ మన వైపు ఉత్తరాదిలా లేదు. అయినా, మాస్టారికి అంతా తెలిసి ఓటు వేసి వుంటే ఎలా వుండేదో అని మాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

లండన్ వాడు దేవుడని మా అభిప్రాయం కాదు. ఆ విదేశీ ప్రసారాలు నడిచింది వారి విదేశాంగ శాఖ సొమ్ముతోనే. అయితే 1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీగారి మరణవార్తను ఆకాశవాణి సాయంత్రం 6 గంటలకు చెబితే, బి.బి.సి. మధ్యాహ్నమే చెప్పేసింది. బెంగాల్ పర్యటనలో వున్న రాజీవ్‌గాంధీగారు కూడా ఆ రేడియోనే పట్టుకుని విన్నారు.

బి.బి.సి. తెలుగు విభాగం వచ్చింది 2017 అక్టోబరు 2న. అంతకాలానికి! అప్పటికి రేడియో పోయి చేతిలో ఫోను వచ్చింది. 2020 జనవరి 31తో హిందీ షార్టు వేవు ప్రసారాలు కూడా ఆగాయి. 2023 జనవరిలో గుజరాత్ అల్లర్ల మీద బి.బి.సి. తీసిన చిత్రం లింకులను 2021 నిబంధనల్లోని అత్యవసర అధికారం క్రింద ప్రభుత్వం తీయించింది. ఫిబ్రవరి 14న ఢిల్లీ, బొంబాయి ఆఫీసుల్లో ఆదాయపు పన్నువారి సర్వే మొదలై మూడు రోజులు సాగింది. ఆ చిత్రం ప్రచారమనీ, సర్వే పన్నుల వ్యవహారమనీ ప్రభుత్వం వాదన. డిజిటల్ వార్తా సంస్థల్లో విదేశీ పెట్టుబడి 26 శాతం మించరాదన్న నియమం వుండటంతో 2024 ఏప్రిల్ నుంచి తెలుగుతో సహా భారతీయ భాషల పని 'కలెక్టివ్ న్యూస్‌రూమ్' అనే యిక్కడి కంపెనీకి అప్పగించారు. షార్టు వేవును ఆపలేని రోజుల్లో మనిషిని పంపించారు. లింకునయితే ఒక్క ఉత్తరువుతో తీసేయవచ్చు.

మాస్టారు కాలం చేసి చాలా ఏళ్ళయింది. చాచాగారూ లేరు. స్టాంపులు వేసిన ఆ లైసెన్సు పుస్తకం మా దగ్గర భద్రంగా వుంది. ఆ రోజుల నాటి పత్రికలు, డైరీలు, యిటువంటి పుస్తకాలు ఎవరి అటకల మీదనైనా వుంటే పాత సామాన్ల వాడికి వేయకుండా మన సంఘం గ్రంథాలయానికి అందజేయవలసిందిగా కోరుతున్నాము.