364 రోజుల బడి

పిల్లల సంరక్షణకి ప్రభుత్వం డబ్బెందుకివ్వాలి అని అమెరికాలో వాదన నడిచినప్పుడల్లా ఎవరో ఒకరు స్వీడన్ పేరెత్తుతారు. అంత దూరం పోనక్కర్లేదు. ఆ పని అమెరికా ఒకసారి చేసి చూసింది.

1943 నవంబర్‌లో ఆరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో, కైజర్ షిప్‌యార్డుల గేట్ల దగ్గరే రెండు చైల్డ్‌కేర్ సెంటర్లు తెరిచారు. మగవాళ్ళు యుద్ధానికి పోయారు, ఓడలకి వెల్డింగ్ చేసేవాళ్ళలో ఆడవాళ్ళు వేలల్లో ఉన్నారు. యార్డులో పని రాత్రీ పగలూ సాగేది కాబట్టి సెంటర్లూ రాత్రింబగళ్ళు నడిచేవి, ఏడాదికి 364 రోజులు. బాధ్యత లోయిస్ మీక్ స్టోల్జ్, జేమ్స్ హైమ్స్‌లది. ఇద్దరూ శిశువిద్యలో నిపుణులు. డ్యూటీ దిగిన తల్లి బిడ్డతోపాటు రాత్రికి వండిన భోజనం కూడా కొనుక్కుని వెళ్ళొచ్చు. ఈ వివరం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇంటికెళ్ళాక మొదలయ్యే రెండో షిఫ్టు సంగతి ఎవరో అప్పుడే పట్టుకున్నారన్నమాట!

దీన్ని హెన్రీ కైజర్ ఉదారత కింద చెప్తుంటారు. నాకలా అనిపించదు. భవనాలు ప్రభుత్వ మారిటైమ్ కమిషన్ డబ్బు, నడిపే ఖర్చు ఓడల కాంట్రాక్టులో కలిసిపోయేది. ఆ ఓడలు కొనేది ప్రభుత్వమే కదా.

మిగతా దేశానికి లాన్‌హామ్ చట్టం. నిజానికది రక్షణ పరిశ్రమల ఊళ్ళలో ఇళ్ళూ సౌకర్యాలూ కట్టడానికి 1940లో చేసిన చట్టం. యుద్ధంలోకి దిగాక ఆ నిధులే పిల్లలకీ మళ్ళించారు. 1944 జులైకి మూడు వేలకి పైగా సెంటర్లు, సుమారు 1,30,000 మంది పిల్లలు. ఫీజు రోజుకి 50 సెంట్లు, తర్వాత 75. తల్లి జీతమెంతని అడగలేదు. మా ఇంట్లో డేకేర్ బిల్లు మొదలైన నెల, ఉద్యోగం మానేస్తే ఎంత మిగులుతుందో చూద్దామని నా భార్య ఎక్సెల్ తెరిచింది. నా జీతానికి ఆ షీట్‌లో గడే లేదు. లాన్‌హామ్ కాలంలో ఆ షీట్ అవసరముండేది కాదు. ఆర్థికవేత్త క్రిస్ హెర్బ్‌స్ట్ చాలాకాలం తర్వాత లెక్కలు తీస్తే, తల్లుల ఉద్యోగాలు పెరగడమే కాదు, ఆ పిల్లలు పెద్దయ్యాక కూడా మెరుగ్గా ఉన్నారని తేలింది.

యుద్ధం ముగియగానే 1945లో పోర్ట్‌లాండ్ సెంటర్లు మూసేశారు. తల్లులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే లాన్‌హామ్ నిధులు 1946 ఫిబ్రవరి దాకా సాగాయి, అంతే. కాలిఫోర్నియా మాత్రం సొంత డబ్బుతో కొనసాగించి 1957లో శాశ్వతం చేసింది. 1971లో రెండు సభలూ దాటి వచ్చిన శిశు సంరక్షణ బిల్లుని నిక్సన్ వీటో చేశాడు, కుటుంబం బలహీనపడుతుందని. ఆయన సొంత రాష్ట్రంలో అప్పటికి పాతికేళ్ళకి పైగా ఆ సెంటర్లు నడుస్తూనే ఉన్నాయి.