గడువు తప్పిన జోస్యాలు – ధార్మిక ప్రామాణ్యం

1844 అక్టోబరు 22వ తేదీ రాత్రి అమెరికా ఈశాన్య రాష్ట్రాలలో వేలాది మంది క్రైస్తవులు కంటిమీద కునుకు లేకుండా గడిపారు. ఆ రోజు ముగిసేలోగా హజ్రత్ ఈసా (అ) ఆకాశం నుండి దిగివస్తారని, ఈ లోకానికి అదే చివరి రోజని వారి దృఢవిశ్వాసం. కొందరు రైతులు చేతికి వచ్చిన పంటను పొలాల్లోనే వదిలివేశారు. కొందరు దుకాణాలు మూసివేసి ప్రార్థనా సమావేశాలకు తరలిపోయారు. రాత్రి గడిచింది, తెల్లవారింది, సూర్యుడు ఎప్పటిలాగే ఉదయించాడు. ఆనాటి ఆశాభంగానికి చరిత్రలో ‘మహా నిరాశ’ అనే పేరు స్థిరపడిపోయింది.

ఇక్కడ ఒక ప్రశ్న ఉత్పన్నమవుతుంది. ఒక మతసమూహం ప్రకటించిన జోస్యం తప్పినప్పుడు ఆ సమూహానికి గల ధార్మిక ప్రామాణ్యం కూడా దానితోపాటే పోతుందా? ప్రత్యర్థులు వెంటనే ‘పోతుంది’ అంటారు. అనుయాయులు అంతే తొందరగా ‘పోదు’ అంటారు. చరిత్రను నిదానంగా పరిశీలిస్తే ఈ రెండు సమాధానాలూ అసంపూర్ణమని తెలుస్తుంది. అంతేకాదు, ఈ ప్రశ్న అన్యమతాలవారికి మాత్రమే సంబంధించినది కాదనీ, ముస్లిం సమాజం కూడా దీనిని ఎదుర్కొనవలసి వచ్చిందనీ బోధపడుతుంది.

మిల్లర్ లెక్క

అక్టోబరు 22కు మూలపురుషుడు విలియం మిల్లర్ (1782–1849). అతడు న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన రైతు. 1812 నాటి యుద్ధంలో సైనికుడిగా పనిచేసి, తిరిగివచ్చిన తరువాత బైబిలు అధ్యయనంలో నిమగ్నుడయ్యాడు. దానియేలు గ్రంథంలో పేర్కొన్న 2300 దినాలను 2300 సంవత్సరాలుగా తీసుకుని, క్రీ.పూ. 457 నుండి లెక్కించి, దాదాపు 1843 నాటికి లోకాంతం వస్తుందనే నిర్ణయానికి వచ్చాడు. ఆ గడువు 1844 మార్చి వరకు సాగి, అదీ దాటిపోయింది. అప్పుడు అతని అనుచరులలో ఒకరైన సామ్యూల్ స్నో అక్టోబరు 22ను నిర్ణయించాడు. మిల్లర్ చాలాకాలం సంశయించి, చివరి రోజులలో మాత్రమే దానిని అంగీకరించాడు.

తేదీ తప్పిన తరువాత మిల్లర్ ఏమి చేశాడనేది గమనార్హం. 1845లో తన సమర్థనగా ప్రచురించిన రచనలో కాలనిర్ణయంలో తాను పొరపాటు పడ్డానని బహిరంగంగా ఒప్పుకున్నాడు. రాకడ సమీపంలోనే ఉందనే నమ్మకాన్ని మరణించేవరకు విడువలేదు గాని, తప్పిన తేదీకి కొత్త అర్థం కల్పించే ప్రయత్నంలో అతడు పాలుపంచుకోలేదు. ఆ పని ఇతరులు చేశారు. అక్టోబరు 22న నిజంగానే ఒక మహత్తర సంఘటన జరిగిందనీ, అయితే అది భూమిమీద కాక పరలోకంలోని ఆలయంలో జరిగిందనీ వారు వివరించారు. ఆ వివరణను స్వీకరించినవారి నుండే 1863లో సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘం వ్యవస్థీకృతమైంది. లెక్క తప్పలేదు, సంఘటన కంటికి కనపడలేదంతే అనే ఈ వాదం తరువాతి కాలంలో పదేపదే వినవచ్చింది.

మారుతూ వచ్చిన సంవత్సరాలు

మిల్లర్ అనంతరం అమెరికాలో తలెత్తిన ఇటువంటి లెక్కలలో అత్యంత దీర్ఘకాలం కొనసాగినవి చార్లెస్ టేజ్ రస్సెల్ (1852–1916) స్థాపించిన వాచ్‌టవర్ ఉద్యమానికి చెందినవి. 1879లో ఆరంభమైన దాని పత్రిక తెలుగులో ‘కావలికోట’ పేరుతో వెలువడుతుంది. 1931 నుండి ఈ ఉద్యమంవారు యెహోవాసాక్షులుగా ప్రసిద్ధులు.

రస్సెల్ తొలి గురువులలో ఒకరైన నెల్సన్ బార్బర్ 1874లో రాకడ జరుగుతుందని ఎదురుచూసినవాడు. ఏమీ జరగకపోయేసరికి, ఆ సంవత్సరంలోనే క్రీస్తు అదృశ్యంగా విచ్చేశాడనే వివరణ పుట్టింది. రస్సెల్ దానిని స్వీకరించాడు. 1914 ముగిసేలోగా లౌకిక ప్రభుత్వాలు అంతరించి దైవరాజ్యం భూమిపై స్థాపితమవుతుందని అతడు రాశాడు. ఆ ఏడాది ప్రపంచయుద్ధం వచ్చిందిగాని ప్రభుత్వాలు అంతరించలేదు. తరువాతి దశాబ్దాలలో అదృశ్య ఆగమనానికి సంబంధించిన తేదీయే 1874 నుండి 1914కు మారింది.

రస్సెల్ తరువాత అధ్యక్షుడైన రూథర్‌ఫర్డ్, 1925లో హజ్రత్ ఇబ్రాహీం, ఇస్‌హాఖ్, యాఖూబ్ (అలైహిముస్సలాం) వంటి పూర్వ మహనీయులు సజీవులై భూమికి తిరిగివస్తారని 1920లో ప్రకటించాడు. వారు రాలేదు. ఆ తరువాత 1929లో కాలిఫోర్నియాలోని శాన్ డియాగో నగరంలో ఒక భవనం నిర్మించి, రానున్న ఆ మహనీయుల పేరిట దస్తావేజులు రాశారు. అందులో నివసించినది మాత్రం రూథర్‌ఫర్డే. 1948లో ఆ భవనాన్ని అమ్మివేశారు.

మూడవ గడువు 1975. హజ్రత్ ఆదం (అ) సృష్టి నుండి ఆరువేల సంవత్సరాలు ఆ ఏడాది పూర్తవుతాయని 1966లో వెలువడిన గ్రంథం లెక్కగట్టింది. లోకాంతం తప్పక వస్తుందని సూటిగా అనకపోయినా, అనుయాయులు అర్థం చేసుకున్నది అదే. ఇళ్లూ ఆస్తులూ అమ్మి మిగిలిన కొద్దికాలాన్ని ప్రచారానికి వినియోగిస్తున్నవారిని 1974లో సంస్థ అంతరంగిక పత్రిక ప్రశంసించింది. 1975 గడిచింది. అయిదేళ్ల అనంతరం, 1980 మార్చిలో, ఆ ఆశను ప్రేరేపించడంలో సమాచారాన్ని ప్రచురించినవారికీ భాగం ఉందని కావలికోట అంగీకరించింది. అమ్మిన ఇళ్లు మాత్రం తిరిగిరాలేదు.

సంఖ్య సాక్ష్యమవుతుందా?

జోస్యం తప్పితే అనుయాయుల ఉత్సాహం ఇంకా పెరుగుతుందనే సిద్ధాంతం 1956లో లియోన్ ఫెస్టింగర్, అతని సహచరులు ప్రచురించిన అధ్యయనంతో ప్రచారంలోకి వచ్చింది. వారు పరిశీలించినది ఒక చిన్న బృందాన్ని. పరిశీలకులే అందులో సభ్యులుగా చేరి దానిని ప్రభావితం చేశారనే విమర్శ కూడా ఉంది. వాచ్‌టవర్ ఉద్యమ చరిత్ర ఈ సిద్ధాంతానికి పూర్తిగా ఒదగదు. దాని సొంత లెక్కల ప్రకారమే వార్షిక సంస్మరణ సమావేశానికి 1925లో 90,434 మంది హాజరుకాగా, 1928లో 17,380 మంది మాత్రమే హాజరయ్యారు. అయినా అది నశించలేదు. నేడు దాని ప్రచారకుల సంఖ్య ఎనభై లక్షలు దాటింది.

కనుక సంఖ్య తగ్గినంతమాత్రాన ప్రామాణ్యం పోయిందనీ, పెరిగినంతమాత్రాన రుజువైందనీ అనలేము. మనుషులు ఒక సంఘంలో నిలిచి ఉండటానికి బంధుత్వం, స్నేహం, సేవ, అలవాటు వంటి కారణాలు అనేకం. ప్రామాణ్యాన్ని తూచవలసిన తక్కెడ వేరే ఉంది.

ఉలమా లెక్కలు

ముస్లిం చరిత్రలో ఇటువంటి లెక్కలు లేవా అంటే, ఉన్నాయి. వాటిని దాచవలసిన అవసరం లేదు; ఇబ్నె ఖల్దూన్ (1332–1406) దాచలేదు. ఇస్లాం తరువాత ఈ ప్రపంచం అయిదువందల సంవత్సరాలు మాత్రమే నిలుస్తుందని ఇమాం తబరీ భావించినట్లు సుహైలీ పేర్కొన్న విషయాన్ని అతడు ‘ముఖద్దిమా’లో ఉదహరించి, కాలమే దానిని అబద్ధం చేసిందని చెప్పాడు.

మహ్‌దీ గురించిన అధ్యాయంలో మరింత ఆసక్తికరమైన విషయం ఉంది. ఇబ్నె అరబీకి ఆపాదించిన ఒక లెక్కలో మహ్‌దీ ఆవిర్భావ సంవత్సరం ఖా, ఫా, జీమ్ అక్షరాలలో సూచితమైంది. అబ్జద్ ప్రకారం 600, 80, 3 కలిపి హిజ్రీ 683. ఆ సంవత్సరం గడిచిపోయింది, ఎవరూ రాలేదు. అప్పుడు ఆ లెక్కను నమ్మినవారిలో కొందరు, 683 అన్నది ఆవిర్భావ సంవత్సరం కాదనీ, జన్మ సంవత్సరమనీ, ఆయన 710 తరువాత బయటికి వస్తాడనీ సవరించారు. మిల్లర్ అనుచరులకూ బార్బర్‌కూ అయిదు శతాబ్దాల ముందే ఇదే సర్దుబాటు ముస్లింలలో జరిగిందన్నమాట.

ఇమాం జలాలుద్దీన్ సుయూతీ (మరణం 1505) కాలంలో మరొక వదంతి బలపడింది. దైవప్రవక్త (స) తమ సమాధిలో వెయ్యేళ్లకు మించి ఉండరనీ, కనుక హిజ్రీ వెయ్యిలోగా ప్రళయ సూచనలన్నీ వచ్చి తీరుతాయనీ కొందరు చెప్పసాగారు. ఆ రివాయత్ నిరాధారమని సుయూతీ ఒక ప్రత్యేక గ్రంథంలో ఖండించాడు. అయితే అదే గ్రంథంలో, ఉమ్మత్ ఆయుర్దాయం వెయ్యేళ్లు దాటుతుందిగాని పదిహేనువందలకు చేరదని తన లెక్క తాను చెప్పాడు. అది బలహీనమైన రివాయత్‌లపై ఆధారపడినదని తరువాతి ఉలమా విమర్శించారు. హిజ్రీ 1500 క్రీ.శ. 2076లో ఆరంభమవుతుంది.

అయినప్పటికీ తబరీ తఫ్సీర్‌ను ఎవరూ పక్కనపెట్టలేదు. సుయూతీ చేయి ఉన్న జలాలైన్ నేటికీ మదరసాలలో పాఠ్యగ్రంథమే. కారణం స్పష్టం. తబరీ తన అయిదువందల ఏళ్ల లెక్కను దైవాజ్ఞగా ప్రకటించలేదు. దానిని నమ్మనివారిని సంఘం నుండి వెలివేయలేదు. అది ఒక పండితుని అంచనా. ఇతర పండితులు దానిని తప్పు అన్నారు. తప్పు అన్నవారు ముస్లింలుగానే, గౌరవనీయులుగానే ఉన్నారు.

దీనిని వాచ్‌టవర్ చరిత్రతో పోల్చి చూడాలి. తాము దైవప్రేరిత ప్రవక్తలం కామని ఆ సంస్థ చెబుతూ వచ్చినా, 1972 ఏప్రిల్‌లో తన పత్రికలో ప్రవక్త అనే పదాన్ని తమవారికే అన్వయించుకుంది. కార్ల్ ఊలోఫ్ జాన్సన్ అనే స్వీడన్ దేశస్థుడు, 1914 లెక్కకు ఆధారమైన క్రీ.పూ. 607 అనే తేదీ చరిత్రతో పొసగదని, యెరూషలేము పతనం దాదాపు ఇరవై ఏళ్ల తరువాత జరిగిందని పరిశోధించి, 1977లో ఆ వివరాలను సంస్థ కేంద్రానికే పంపాడు. 1982లో అతనిని బహిష్కరించారు. ఇక్కడ లెక్కలోని పొరపాటు కంటే, ఆ లెక్కను ప్రశ్నించినవానికి పట్టిన గతి ఎక్కువగా ఆలోచింపజేస్తుంది.

హరమ్‌లో పద్నాలుగు రోజులు

ఇంతటితో ముస్లింలు నిశ్చింతగా ఉండటానికి వీలులేదు. హిజ్రీ 1400 ముహర్రం 1, అంటే 1979 నవంబరు 20న, జుహైమాన్ అల్ ఉతైబీ అనే మాజీ సైనికుడు కొన్ని వందలమంది సాయుధులతో పవిత్ర మస్జిదె హరామ్‌ను ఆక్రమించాడు. తన బావమరిది ముహమ్మద్ అబ్దుల్లాహ్ అల్ ఖహ్తానీయే మహ్‌దీ అని ప్రకటించి అతనికి బైఅత్ చేయించాడు. వారికి ఆధారం కలలు, శతాబ్ది ఆరంభం, కొన్ని రివాయత్‌లను తమ మనిషికి అతికించుకోవడం. ఆయుధాలు ధరించడమే నిషిద్ధమైన ఆ పవిత్ర స్థలంలో రెండు వారాలు రక్తం ప్రవహించింది. ఖహ్తానీ ఆ పోరాటంలోనే మరణించాడు. ప్రభుత్వ లెక్క ప్రకారం 127 మంది సైనికులు ప్రాణాలు కోల్పోయారు. 1980 జనవరి 9న 63 మందికి మరణశిక్ష అమలైంది.

వారు ఖుర్ఆన్ చదవనివారు కారు. హదీసు పాఠాలలో కూర్చున్నవారే. తమ ఊహకు దైవనిర్ణయమనే హోదా ఇచ్చిన క్షణమే వారు దారి తప్పారు. మహ్‌దీ అని ప్రకటించినవాడు మరణించడం ఆ తప్పును బయటపెట్టింది, అంతే.

హుదైబియా వద్ద ఒక ప్రశ్న

ఇక్కడ విమర్శకుడు ఒక ఆక్షేపణ తేవచ్చు. హిజ్రీ 6లో దైవప్రవక్త (స) తాము అనుచరులతో మస్జిదె హరామ్‌లో ప్రవేశించినట్లు కలగని, ఉమ్రా కోసం బయలుదేరారు. ఖురైషులు హుదైబియా వద్ద అడ్డగించారు. ఒప్పందం చేసుకుని వెనుదిరగవలసి వచ్చింది. ఇది కూడా తప్పిన జోస్యమే కాదా?

ఈ ప్రశ్న మొదట వేసినది విమర్శకుడు కాదు, హజ్రత్ ఉమర్ (రజి). మనం కాబాకు వెళ్తామని మీరు చెప్పలేదా అని ఆయన నేరుగా అడిగారు. ఈ సంవత్సరమే వెళ్తామని చెప్పానా అని దైవప్రవక్త (స) ఎదురు ప్రశ్నించారు. లేదని ఉమర్ ఒప్పుకున్నారు. మరుసటి సంవత్సరం, క్రీ.శ. 629లో, ముస్లింలు మక్కాలో ప్రవేశించి ఉమ్రా చేశారు. మక్కావాసులు కళ్లారా చూశారు. నెరవేరింది గాని అదృశ్యంగా నెరవేరింది అని ఎవరూ చెప్పుకోవలసిన అవసరం రాలేదు. అంతకంటే ముఖ్యం, ప్రశ్నించిన ఉమర్ (రజి)ను ఎవరూ వెలివేయలేదు. ఆయనే తరువాత రెండవ ఖలీఫా అయ్యారు.

కనుక జోస్యం తప్పడం ఒక్కటే ధార్మిక ప్రామాణ్యాన్ని నిర్ణయించదు. చెప్పినవాడు ఏ హోదాలో చెప్పాడు, తప్పిన తరువాత ఆ తప్పును తనపై వేసుకున్నాడా లేక నమ్మినవారి అవగాహనా లోపంగా చూపాడా, సందేహించినవారిని ఏమి చేశాడు అన్నవి చూడాలి. దైవం పేరిట తేదీ చెప్పి, దానిని విధేయతకు పరీక్షగా మార్చినవాని ప్రామాణ్యం ఆ తేదీతోనే ముగుస్తుంది. అంచనాను అంచనాగా చెప్పి, పొరపాటును ఒప్పుకున్నవాని లెక్క మాత్రమే పోతుంది. ఈ తక్కెడలో మిల్లర్ తన తరువాతివారిలో చాలామంది కంటే గౌరవనీయుడుగా కనిపిస్తాడు.

ప్రళయ ఘడియ జ్ఞానం అల్లాహ్‌కు తప్ప మరెవరికీ లేదని దివ్య ఖుర్ఆన్ అల్ అఅరాఫ్ సూరాలో స్పష్టం చేసింది. ఆ దినం కుమారునికి సైతం తెలియదని మార్కు సువార్త కూడా చెబుతుంది. అయినా ఏదైనా యుద్ధం రాగానే సూచనలు లెక్కించి సంవత్సరాలు ప్రకటించే కరపత్రాలు ముస్లింల మధ్య కూడా తిరుగుతూనే ఉన్నాయి. వాటిని పంచేవారు ఒక సంఘటనను గుర్తుచేసుకోవాలి.

హిజ్రీ 10లో దైవప్రవక్త (స) పసికుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త కుమారుని మరణానికి సూర్యుడే చీకటయ్యాడని మదీనాలో ప్రజలు అనుకోసాగారు. అంతటి సూచనను కాదనమని ఆయనను ఎవరూ కోరలేదు. మౌనంగా ఉన్నా సరిపోయేది. కాని ఆయన నమాజ్ చేయించి, సూర్యచంద్రులు అల్లాహ్ నిదర్శనాలనీ, ఎవరి మరణం వల్లనూ ఎవరి జననం వల్లనూ వాటికి గ్రహణం పట్టదనీ ప్రజలకు తెలియజేశారు. అప్పటికి ఆయన తమ చేతులతో కుమారుణ్ణి సాగనంపి ఒక్క పూట కూడా కాలేదు.