ఒక్కరోజు పొలం

బడివాళ్ళు ఏడాదికోసారి పిల్లల్ని బస్సెక్కించి ఏ మామిడితోటకో, వరిపొలానికో తీసుకెళ్ళడం ఇప్పుడు మామూలైపోయింది. మనమూ పులిహోర డబ్బా, మంచినీళ్ళ సీసా సర్ది, "బురదలో దిగకురా, బట్టలు పాడవుతాయి" అని మరీమరీ చెప్పి పంపుతాం. బురదలో దిగకుండా వ్యవసాయం నేర్చుకోవడం ఎలాగో మాత్రం మనల్నెవరూ అడగరు!

మన దేశంలో పెద్దలు తలపెట్టింది ఈ ఒక్కరోజు ముచ్చట కాదండీ. 1922లో రవీంద్రనాథ ఠాగూరు శాంతినికేతనం దగ్గర సురుల్ గ్రామంలో, ఎల్మ్‌హర్స్ట్ అనే ఇంగ్లీషు యువకుడి సాయంతో, పల్లెల బాగుకోసం ఒక సంస్థ పెట్టారు. అదే శ్రీనికేతనం. 1924లో పల్లెపిల్లలకోసం 'శిక్షాసత్ర' అనే బడి తెరిచారు. అక్కడ తోటపని చదువు మధ్య ఆటవిడుపు కాదు, చదువులో భాగమే.

1937 అక్టోబరులో గాంధీగారు వార్ధాలో సభ చేసి, ఏడేళ్ళ చదువును ఒక చేతిపని చుట్టూ అల్లాలన్నారు. పాఠ్యప్రణాళిక తయారుచేసిన సంఘానికి అధ్యక్షులు జాకీర్ హుస్సేన్. తర్వాత 1967లో రాష్ట్రపతి అయిన ఆయన పుట్టింది మన హైదరాబాదులోనే. నూలు, వడ్రంగంతోబాటు వ్యవసాయాన్నీ మూలవృత్తిగా ఎంచారు. సేవాగ్రామంలో ఆ చదువును భర్తతో కలిసి నిలబెట్టిన ఇల్లాలు ఆశాదేవి ఆర్యనాయకం. అక్కడి పిల్లలు కూరగాయలు పండించేవారు, నూలు వడికేవారు, వంటా చేసేవారు. మడి కొలిస్తే లెక్కలు, ఎరువు వేస్తే సైన్సు!

మరి అంత మంచి చదువు ఎందుకు నిలవలేదు? పిల్లలు చేసినవి అమ్మితే పంతులుగారి జీతం రావాలన్నది గాంధీగారి ఆశ. ఇది పసివాళ్ళచేత చాకిరీ చేయించడమౌతుందేమోనన్న సందేహం ఆ సభలోనే వచ్చింది. సంపాదన ధ్యాసలో పడి చదువును మరవొద్దని జాకీర్ హుస్సేన్ సంఘమూ హెచ్చరించింది. ఇక కన్నవాళ్ళ బాధ వేరు. నాగలి తప్పుతుందనే కదా బడికి పంపేది! పట్నం పిల్లలు పుస్తకాలు పట్టుకుని ఆఫీసులకి పోతుంటే, మా పిల్లలు మాత్రం పార పట్టాలా అని పల్లెవాళ్ళు అనుకుంటే తప్పేముంది? అలా ఆ బడులు మెల్లిగా వెనకబడ్డాయి.

1964-66 నాటి కొఠారీ కమిషన్ 'పని అనుభవం' అంది. 2020 విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పదిరోజులు సంచీ లేకుండా వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరుల దగ్గర పని నేర్చుకోమంది. ఒక్కరోజుకన్నా పదిరోజులు నయమే. కానీ మెంతులు చల్లితే పదిరోజుల్లో మొలకలు చూడొచ్చుగానీ, కూరకి అందాలంటే మూడునాలుగు వారాలు పడుతుందని మనకి తెలియనిదా?

అందుకే ఈసారి తల్లిదండ్రుల మీటింగులో మార్కుల సంగతితోబాటు, బడి ఆవరణలో ఖాళీ జాగా ఎంతుందో కూడా అడుగుదామనుకుంటున్నాను. నాలుగు మడులు చాలు. వాటిలో డాక్టరుగారబ్బాయీ, రిక్షావాడి కూతురూ పక్కపక్కన కూచుని కలుపు తీసిన రోజున, ఆ పల్లెవాళ్ళ ప్రశ్నకి కాస్తయినా జవాబు దొరుకుతుంది.